చల్లని ఏట్లో మా బావ తీసిన పూడిక

చేపలు తినడానికి హిమాచల్ వెళ్తున్నామని మా బావ ఊరంతా చెప్పుకున్నాడు. చేపలను అక్కడి వాళ్లు ఎలా బతకనిస్తున్నారో చూడటానికి వెళ్తున్నామని నేను చెప్పాను. ఒకే రైల్లో ఎదురెదురు బెర్తుల మీద కూర్చున్న ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు ప్రయాణాలు చేయవచ్చునని నాకు ఈ వయసులో తెలిసింది. ఆ లోయకు వెళ్లని వారి కోసం, వెళ్లే ఓపిక లేని వారి కోసం, చూసినది చూసినట్టుగా రాస్తున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ సాగర్ కుడి కాలువ మీద నీటి మట్టాలు రాసినవాడిని. కంటితో చూడనిది కాగితం మీద పెట్టడం నా అలవాటు కాదు.

ముందుగా మా బావ సంగతి చెప్పాలి. పేరు కోటయ్య, మా అక్క భర్త. పర్చూరుకు దగ్గరలోని మా ఊళ్లో మిరపా పత్తీ పండిస్తాడు. మా నీటి సంఘానికి అధ్యక్షుడు కూడా. మా పొలాల మధ్య నుంచి తుమ్మలవాగు పోతుంది. కిందటి వానాకాలం ఆ వాగు పొంగి మిరప చేలలో నీళ్లు నిలిచాయి. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మిరప మొక్క నిలువునా వడలిపోతుంది. బావ చేను సగానికి పైగా పోయింది. అందుచేత ఈ ఏడు రైతులందరూ ఒక్క మాట మీదికి వచ్చారు. పొక్లెయిన్ పెట్టించి వాగును తిన్నగా తవ్వాలి. గట్ల మీది కానుగ చెట్లు తీసేయాలి. తవ్విన మట్టితో పెద్దమడుగును పూడ్చి వంపు లేకుండా చేయాలి.

పెద్దమడుగు అంటే మా వాగు వంపు తిరిగే చోట ఉన్న లోతు. వేసవిలో వాగంతా ఎండినా అక్కడ నీళ్లు నిలుస్తాయి. కొర్రమీను ఎండాకాలం దాటేది ఆ నీళ్లలోనే. దాన్ని పూడ్చవద్దని నేను సంఘం సమావేశంలో లేచి నిలబడి చెప్పాను. "చేపలకి ఓటుందా బావమరిదీ?" అని మా బావ అడిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇంకా మంటగానే ఉంది. మేము తిరిగి వచ్చిన వారంలోనే యంత్రం దిగేటట్టు మాట్లాడి పెట్టారు. సంఘంలో ఆఖరి మాట అధ్యక్షుడిది కాబట్టి, ఆ అధ్యక్షుడిని వెంటబెట్టుకుని బయలుదేరాను.

మమ్మల్ని పిలిచిన మనిషి పేరు దోలారామ్. ఒకప్పుడు బాపట్ల దగ్గర సైనిక శిబిరంలో వంటవాడిగా ఉండేవాడు. ఎండుమిరపకాయల కోసం మా బావ కల్లానికి వచ్చేవాడు. తెలుగును అక్కడి వంటగదిలో, తోటి వంటవాళ్ల దగ్గర నేర్చుకున్నాడు. అందువల్ల అతని తెలుగులో 'గారు' అనే మాట ఎక్కడా లేదు. ఉద్యోగం మాని తన కొండల్లోకి వెళ్లిపోయాక కూడా ఏటేటా ఫోన్ చేసి రమ్మనేవాడు.

తుమ్ముల రైలు

మా అక్క పులిహోర, గోంగూర పచ్చడి, కందిపొడి కట్టి ఇచ్చింది. దోలారామ్ కోసం బావ ఒక చిన్న గోతాంలో ఎండుమిరపకాయలు తెచ్చి పై బెర్తు మీద పెట్టాడు. నాగపూర్ దాటాక ఆ గోతాం కుట్టు ఒకచోట విడిపోయింది. ముందు ఆగ్రా వెళ్తున్న ఒక పెద్దావిడ తుమ్మింది. తరువాత ఆమె కోడలు తుమ్మింది. కాసేపటికి మా పెట్టె పెట్టెంతా తుమ్ముతూ ఉంది. టికెట్లు చూసే ఉద్యోగి జేబురుమాలు ముక్కుకు అడ్డుపెట్టుకుని వచ్చి, ఆ మూటలో ఏమున్నదని అడిగాడు. నేను సిగ్గుపడి కిటికీలోంచి బయటకు చూశాను. బావ మాత్రం లేచి నిలబడి, "గుంటూరు మిరప," అన్నాడు, ఊరి పేరే జవాబయినట్టు. గోతాన్ని దుప్పటిలో చుట్టి కాళ్ల కింద పెట్టుకున్నాక గానీ తుమ్ములు తగ్గలేదు. పెద్దావిడకు బావ ఒక గుప్పెడు కాయలు కాగితంలో కట్టి ఇచ్చాడు. ఆమె మాకు బూడిదగుమ్మడికాయ మిఠాయి పెట్టింది.

కొండ దారిలో బస్సు నది పక్కనే పోతుంది. నీళ్లు పచ్చగా, అడుగు కనిపించేటంత తేటగా ఉన్నాయి. ఏనుగంత బండలు నది మధ్యలో కూర్చుని ఉన్నాయి. కూలిన చెట్లు ఒడ్డుకు ఆనుకుని సగం నీళ్లలో ఉన్నాయి. నేను ఆ అందం చూస్తున్నాను. బావ చాలాసేపు చూసి, బాధగా తల ఆడించాడు.

"ఇంత రాయీ రప్పా ఏట్లో వదిలేశారు. వీళ్లకి సంఘం లేనట్టుంది," అన్నాడు.

పొయ్యి చుట్టూ

దోలారామ్ ఇల్లు ఒక వరస రాయి, ఒక వరస దేవదారు దూలం పేర్చి కట్టినది. పైకప్పు పలక రాయి. కింద ఆవులు, పైన మనుషులు. ఆవుల వెచ్చదనం పైకి వస్తుందట. మేము మెట్లు ఎక్కుతుండగానే లోపలి నుంచి కేక వినిపించింది.

"ఏరా కోటయ్యా, ముసలోడివైపోయావేందిరా?"

"నువ్వేదో పెళ్లికొడుకులా ఉన్నట్టు," అన్నాడు బావ. ఇద్దరూ కావలించుకున్నారు. గోతాం విప్పగానే దోలారామ్ కూడా తుమ్మాడు. తుమ్ముతూనే నవ్వాడు.

అక్కడ భోజనం వంటింట్లోనే, ఇనప పొయ్యి చుట్టూ కూర్చుని చేస్తారు. మన వైపు వడ్డించే ఆడవాళ్లు చివర్లో తింటారు. అక్కడ దోలారామ్ భార్య అందరితో పాటు కూర్చుని, మధ్యలో లేస్తూ తిన్నది. పొంగిన గోధుమ పిండిలో అక్రోటు ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికించిన 'సిడ్డూ' అనే రొట్టె పెట్టారు. దాన్ని విరిచి నెయ్యిలో ముంచుకుంటారు. బావ దాన్ని గోంగూర పచ్చడితో తిన్నాడు. వాళ్లూ అలాగే తిని చూసి, ముఖాలు ఎర్రబడినా, మళ్లీ అడిగారు. గుంటూరు బస్టాండు ముందు నాలుగు ఆపిల్ కాయలకు చెప్పే ధరకు ఆ ఊళ్లో గంపెడు ఇస్తారని అక్కడే తెలిసింది. మధ్యలో ఎవరి చేయి ఎంత తింటున్నదో నేనిక్కడ చెప్పబోను; కడుపు మండుతుంది.

"అదంతా సరే, చేపెప్పుడు పెడతావు?" అన్నాడు బావ.

"ఏట్లో చేప ఇప్పుడు పట్టకూడదురా. గుడ్లు పెట్టే కాలం. చలి పోయిందాకా ఎవడూ గాలం ముట్టడు. తొట్టిలో పెంచిన ట్రౌట్ ఉంటది, రేపు తెస్తా. కిలో ఆరొందలు."

"ఆరొందలా? ఆ డబ్బులకి మా చీరాల్లో ఇంటిల్లిపాదికీ రొయ్యలొస్తయ్."

"అయితే చీరాల్లోనే తినిరాకపోయావా?"

దోలారామ్ తల్లి పొయ్యి పక్కన ఉన్ని వడుకుతూ కూర్చుని ఉంది. ట్రౌట్ తమ చేప కాదని, తెల్లవాళ్లు తెచ్చి వదిలారని, తన చిన్నతనంలో ఏట్లో 'అస్లా' అనే చేప నిండుగా ఉండేదని, ఇప్పుడది తగ్గిపోయిందని ఆమె చెప్పింది. కొడుకు మాకు తెలుగులోకి మార్చి చెప్పాడు. పరాయి చేపను ఇంత శ్రద్ధగా కాపాడుకుంటూ సొంత చేపను జారవిడుచుకున్నారే అని నాకు అనిపించింది. మన కొర్రమీను ఏ దేశం నుంచీ రాలేదు. అయినా దాని తరఫున మాట్లాడితే నవ్వుతారు. ఇందులో ఎవరిని ఎక్కువ తప్పుపట్టాలో తేల్చుకోలేకపోయాను.

ట్రౌట్ తల్లి కంకర రాళ్లలో తోకతో గుంట చేసి, గుడ్లు పెట్టి, కంకర కప్పి వెళ్లిపోతుందని, ఆ గుడ్లు చలికాలమంతా రాళ్ల కిందే ఉంటాయని దోలారామ్ చెప్పాడు. బావకు అది నచ్చలేదు.

"వదిలేసి పోద్దా? మా కొర్రమీను అట్టా కాదు. ఎర్రటి పిల్లల గుంపుని వెంటేసుకుని తిరుగుద్ది. ఆ పక్కన చెయ్యి పెడితే కరవటానికొస్తది. చిన్నప్పుడు పెద్దమడుగులో నా వేలు పట్టుకుంది."

"ఇంకా ఉన్నయ్యా?" అన్నాడు దోలారామ్.

బావ సిడ్డూ ముక్కను నెయ్యిలో రెండుసార్లు తిప్పాడు.

"ఉండేయి," అన్నాడు.

ఏటికి జ్వరం

మర్నాడు ఇంటి కింద పారే ఏటి దగ్గరకు ముగ్గురం వెళ్లాం. అది పెద్ద నదిలో కలిసే చిన్న ఏరు. దాటడానికి చెక్క వంతెన ఉంది. నేను వెంట తెచ్చుకున్న ఉష్ణమాపకాన్ని దారం కట్టి వంతెన మీద నుంచి నీళ్లలోకి దించాను.

"ఏంది, ఏటికి జ్వరమొచ్చిందా?" అన్నాడు బావ. దోలారామ్ పగలబడి నవ్వాడు. నేను నవ్వకుండా అంకె రాసుకున్నాను. కోతి టోపీ మీద మఫ్లరు చుట్టుకున్నా చలికి ఆగలేక బావ వెంటనే పొయ్యి దగ్గరకు తిరిగి వెళ్లిపోయాడు. అలా వెళ్లకుండా ఉంటే ఈ కథనం వేరే విధంగా ముగిసి ఉండేది.

దోలారామ్ నన్ను ఏటి వెంబడి పైకి తీసుకుపోయాడు. ట్రౌట్‌కు చల్లని నీళ్లే ప్రాణం. నీళ్లు వేడెక్కితే దానికి ఊపిరి ఆడదు. అందుకని ఒడ్డు మీది చెట్లను కొట్టరు; మధ్యాహ్నం ఎండను ఆపేది ఆ నీడే. పశువులు ఒడ్డును తొక్కి మట్టిని ఏట్లోకి దించకుండా కంచె కట్టారు. నీళ్లు తాగడానికి ఒకచోట మాత్రమే దారి విడిచారు. కొన్ని చోట్ల పెద్ద దుంగలను సగం నీళ్లలో పెట్టి, రాళ్లు ఆనించారు. నీరు ఆ దుంగకు తగిలి పక్కకు తిరుగుతూ అడుగును తోడుకుంటుంది. అక్కడ లోతు ఏర్పడుతుంది, చేప దాగుతుంది. అంతకంటే దిగువన కంకర శుభ్రంగా కడిగినట్టు తెల్లగా మెరిసే చోట్లు చూపించాడు. అవే గుడ్లు పెట్టిన చోట్లు. ఈ కాలంలో ఏట్లో ఎవరూ అడుగు పెట్టరు. దాటవలసి వస్తే వంతెన మీదుగానే దాటుతారు.

ఆ ఊళ్లో ఇంటింటికీ వంతు ఉంటుంది. గుడ్ల కాలమంతా ఏరు కాచేది వంతు వచ్చిన ఇల్లే. ఈ చలికాలం వంతు దోలారామ్‌ది.

అంతా దైవలోకంలా ఉందని పాఠకులు అనుకోవద్దు. కింద పెద్ద నది మలుపులో ఒక ట్రాక్టరు నీళ్లలోకి దిగి ఇసుకా కంకరా ఎత్తుకుపోతున్నది. ఇది తప్పు కాదా అని దోలారామ్‌ను నిలదీశాను. తప్పేనని, ఆ భాగం తమ ఊరి కిందికి రాదని అన్నాడు. ఆపిల్ తోటల అంచున పురుగుమందు డబ్బాలు పడి ఉన్నాయి. సరదాకు వచ్చినవాళ్లు పారేసిన నీళ్ల సీసాలు బండల మధ్య ఇరుక్కుని ఉన్నాయి. మన వైపు మందు డ్రమ్మును వాగులో ముంచి నింపుకుని, పని అయ్యాక ఆ వాగులోనే కడుక్కునే రైతులను తలుచుకుని, అప్పటిదాకా ఆ కొండవాళ్ల మీద పెరుగుతున్న నా కోపానికి చిరునామా మార్చుకున్నాను.

రాత్రి ఇదంతా బావకు వివరంగా చెప్పాలని వరుసగా రాసుకున్నాను. తొట్టి ట్రౌట్‌ను ఆవనూనెలో వేయించి పెట్టారు. బావ దాని మీద మా మిరపకారం చల్లుకుని, "చేప బాగానే ఉంది, ఉప్పూకారం తెలియని చేప," అని తీర్పు చెప్పి, నేను మొదలుపెట్టే లోపే గురకపెట్టాడు. రేపు చెప్పవచ్చులే అనుకున్నాను.

తెల్లవారాక చూసినది

లేచేసరికి పక్కమీద బావ లేడు. కిటికీ తెరిస్తే కింద ఏట్లో ఉన్నాడు.

పంచె ఎగగట్టి, కోతి టోపీ పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఆ నీళ్లలో వేలు పెడితేనే జివ్వుమంటుంది. ఒడ్డు మీద రెండు పెద్ద దుంగలు పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి. వాటికి ఆనించిన రాళ్లు తీసి ఒక వరసలో పేర్చాడు. ఏరు మా పంట కాలువలాగా తిన్నగా, గలగలమని పారుతున్నది. కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్లలో ఒక అలవాటు ఉంది. గట్టు మీద నడుస్తూ నీళ్లకు అడ్డంపడిన కొమ్మ గానీ గుర్రపుడెక్క గానీ చూస్తే, అది ఎవరి కాలువ అయినా సరే, దిగి తీయకుండా పోలేరు. మా బావ పెళ్లికి వెళ్తూ పట్టుపంచెతో కాలువలోకి దిగడం నేను చూశాను. ఇప్పుడు ఇంత దూరం వచ్చి అదే పని చేశాడు.

నేను పరిగెత్తుకుని వెళ్లేసరికి అతని ముఖం వెలిగిపోతున్నది.

"చూడు బావమరిదీ, ఎంత నీరు నిలిచిపోయిందో. రెండు దుంగలు అడ్డంపడితే ఒక్కడికీ పట్టలా. మనోడు నిన్నంతా అన్నం పెట్టాడు, ఈ మాత్రం చెయ్యకపోతే ఎట్టా?"

అతని పాదాలు తెల్లగా మెరిసే కంకర మీద ఉన్నాయి.

పాలచెంబుతో వస్తున్న దోలారామ్ మా ఇద్దరినీ చూశాడు, ఒడ్డు మీది దుంగలను చూశాడు. చెంబు కింద పెట్టాడు. కేక వేస్తాడనుకున్నాను. వేయలేదు.

"కోటయ్యా, కదలమాక. ఉన్నకాడే ఉండు."

"ఏందిరా, పాముందా?"

"గుడ్లు. నీ కాళ్ల కింద గుడ్లున్నయ్."

బావ కిందికి చూశాడు. అతనికి రాళ్లే కనిపించి ఉంటాయి. దోలారామ్ వెళ్లి ఒక పొడవాటి చెక్క పలక తెచ్చి ఒడ్డు నుంచి బండ మీదికి వేశాడు. ఇద్దరం చెరో చేయీ పట్టి, అడుగు కింద మోపనీయకుండా, బావను పైకి లాగాం. కాళ్లు నీలం తిరిగిపోయాయి. దోలారామ్ భార్య ఏమీ అడగకుండా పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఆ కాళ్లకు గొంగళి చుట్టింది.

నాకు మాత్రం కోపం ఆగలేదు. "అడగకుండా పరాయివాళ్ల ఏట్లోకి ఎందుకు దిగావు?" అన్నాను.

"నువ్వు నిన్న చూసొచ్చావుగా. చెప్పొచ్చుగా?" అన్నాడు బావ.

చెప్పడానికి నేను రాసుకున్న కాగితం నా జేబులోనే ఉంది.

రాతి అరుగు మీద

మధ్యాహ్నానికి ఊరివాళ్లు దేవుడి గుడి ముందున్న రాతి అరుగు మీద చేరారు. ఎవరూ పిలవలేదు, తెలిసి వచ్చారు. అక్కడి పద్ధతి దోలారామ్ దారిలో చెప్పాడు. గుడ్లకు హాని జరిగితే, ఎవరు చేసినా సరే, వంతు ఉన్న ఇల్లే జవాబు చెప్పుకోవాలి. ఆ ఇల్లు వచ్చే చలికాలం మళ్లీ ఏరు కాయాలి. చేసినవాడు పదిమందిలో నిలబడి తాను ఏం చేశాడో తన నోటితో చెప్పాలి. అంతే.

అంతేనా అని నేననుకున్నాను. అయితే దోలారామ్ వచ్చే చలికాలం మా ఊరు రావాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాడు. మా బావ కల్లంలో మళ్లీ ఒకసారి కూర్చోవాలని ఫోన్‌లో ప్రతిసారీ చెప్పేవాడు. ఆ ప్రయాణం ఇక లేదు.

నేను ముందుకు వెళ్లి, మా వైపు కాలువల పద్ధతిని, జరిగిన పొరపాటుకు కారణాలను క్రమంగా వివరించబోయాను. టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి చేయి అడ్డుపెట్టాడు. చేసినవాడే మాట్లాడాలట. ఒక సంఘానికి అధ్యక్షుడైన మా బావ, గొంగళి కప్పుకుని, కొత్త పెళ్లికొడుకులా తల వంచుకుని నిలబడ్డాడు.

"నీళ్లకి అడ్డముంటే తీస్తాం. చిన్నప్పటి నుంచీ అదే పని," అన్నాడు. దోలారామ్ ఒక్కొక్క మాటా వాళ్లకు చెప్పాడు. "పైన ఎవడి చేలోనన్నా నీళ్లు ఆగినయ్యంటే చివరి చేనుకి రావు. చివరి చేను మాది. మా నాన్న అర్ధరాత్రి లేచి పోయి తీసేవాడు. నేనూ తీశాను. ఇక్కడా అట్టాగే అనుకున్నా. చెడగొడదామని కాదు."

అరుగు మీద గుసగుస లేచింది. వాళ్లకూ కొండ మీద చిన్న చిన్న పంట కాలువలున్నాయి. ఒకడు నవ్వుతూ ఏదో అన్నాడు; తన తండ్రీ అలాంటివాడేనన్నాడట. కోపం కొంత చల్లబడింది. వెళ్లిపోవచ్చునని నేననుకుంటున్న సమయంలో దోలారామ్ తల్లి కూర్చున్నచోటు నుంచే ఒక ప్రశ్న అడిగింది. దోలారామ్ దాన్ని వెంటనే తెలుగు చేయలేదు. బావే అడిగాడు.

"ఏందంట?"

"మీ ఊరి ఏట్లో ఏముంటయ్, అంటంది."

"ఏముంటయ్?" అన్నాడు బావ. "నీళ్లు."

దోలారామ్ చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అడిగింది. నీళ్లు సరే, ఆ నీళ్లలో ఏముంటాయి అని.

బావ నా వైపు చూశాడు. కొర్రమీను, జెల్ల, ఇంగిలాయి, తాబేళ్లు, నత్తలు. ఏయే ఏడు ఏవి కనిపించాయో, ఏవి కనిపించడం మానేశాయో నా దగ్గర రాసి ఉంది. నేను నోరు తెరిచాను. తరువాత ఆ పెద్దమనిషి చేయి గుర్తొచ్చి ఊరుకున్నాను.

"నీళ్లే," అన్నాడు బావ మెల్లగా.

ఆమె అయ్యో అన్నట్టుగా నాలుకతో చప్పుడు చేసింది. ఇంట్లో చావు సంగతి విన్నప్పుడు మన ఆడవాళ్లు చేసే చప్పుడు అది.

దుంగలు తిరిగి పెట్టిన రోజు

మర్నాడు ఊరివాళ్లు నలుగురు వచ్చి, ఏట్లో కాలు పెట్టకుండా, పలకల మీద నిలబడి దుంగలను తిరిగి అమర్చారు. బావ ఒడ్డు మీద నుంచి రాళ్లు అందించాడు. వద్దన్నా వినలేదు. ఒక దుంగను బావ తిన్నగా అడ్డంగా దించబోతుంటే ఊరివాళ్లు చేతులతో సైగ చేసి ఎందుకలా కాదో చెప్పారు. అడ్డంగా పెడితే వరదకు కొట్టుకుపోతుంది, లేదా ఒడ్డు తెగుతుంది. ఎగువకు చూసేటట్టు ఏటవాలుగా పెడితే నీరు మధ్యకు తిరుగుతుంది, ఒడ్డు నిలుస్తుంది.

"ఒడ్డు నిలుస్తదా?" అని బావ రెండుసార్లు అడిగించాడు. చేపల గురించి ఏమీ అడగలేదు.

గుడ్లు ఎన్ని పోయాయో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కంకర కదిలించి చూస్తే మిగిలినవీ పోతాయి. చలి తగ్గాక పిల్లలు బయటికి వస్తే తెలుస్తుంది, రాకపోతే తెలుస్తుంది. వీడ్కోలు చెప్పేటప్పుడు దోలారామ్ మా చేతుల్లో ఎండు అక్రోట్ల మూట పెట్టాడు. "పిల్లలు కనపడితే ఫోన్ చేస్తాన్రా కోటయ్యా," అన్నాడు. కనపడకపోతే ఏం చేస్తాడో మేము అడగలేదు.

తిరుగు ప్రయాణంలో బావ కిటికీ వదల్లేదు. విజయవాడ దాటాక, ఎర్రటి మిరప చేలు, పగిలిన పత్తి కాయలు కిటికీ పక్కన పరుగెడుతుండగా, "పెద్దమడుగు లోతెంత ఉంటది?" అన్నాడు. చెప్పాను. "మొన్న వేసవిలో?" అదీ చెప్పాను.

పెద్దమడుగు

అనుకున్న వారంలోనే యంత్రం వచ్చింది. రైతులు గట్టు మీద చేరారు. దిగువన రోడ్డు కింది తూము దగ్గర పని మొదలుపెట్టించాడు బావ. ఆ తూము ముందు బండిబాట కోసం మేమే మట్టి పోసి వాగును సగానికి సగం మూసేశాం. వరద వెనక్కి తన్నడానికి అదే అసలు కారణమని నేను ఎన్నోసార్లు చెప్పి ఉన్నాను. ఎవరూ వినలేదు కాబట్టి ఇక్కడ ఇంకోసారి రాస్తున్నాను. మట్టి తీశాక యంత్రం పైకి వచ్చింది. ఒక పక్క గట్టు చెక్కారు. ఆ పక్కనున్న చెట్లు పోయాయి; ఆపమని అరిచాను, ఆగలేదు. సాయంత్రానికి పెద్దమడుగు వంపు ముందుకు వచ్చి ఆగింది.

అక్కడ రెండో గట్టు మీద కానుగలు దట్టంగా నీళ్ల మీదికి వంగి ఉంటాయి. బావ యంత్రానికి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇది వద్దు. ఇక్కడితో చాలు," అన్నాడు.

"అదేంది మావా," అన్నాడు నాగేశ్వరరావు. పై చేను అతనిది, గొంతు పెద్దది. "అందరం కలిసి రాసుకున్నదేగా? డీజిలు కాలతంది. వంపు ఉంటే మళ్లీ నీళ్లు తన్నవా?"

"తూము తెరిచాంగా. తన్నవు. ఒకవేళ తంతే ముందు మునిగేది నా చేనే."

"ఇంతకీ ఆ గుంటలో ఏముంది మావా, బురద నీళ్లు తప్ప?"

బావ చెప్పులు విప్పాడు. పంచె ఎగగట్టాడు. గట్టు దిగి మడుగులోకి నడిచాడు. నడుము లోతుకు వెళ్లాక వంగి, కానుగ వేర్ల కింద రెండు చేతులూ పెట్టి తడమడం మొదలుపెట్టాడు. చిన్నతనంలో మేము చేపలు పట్టింది అలాగే. గట్టు మీద నవ్వులు మొదలయ్యాయి. "హిమాచల్ పోయొచ్చి చలవ చేసినట్టుంది," అన్నాడు ఒకడు. నాకు ఆ నవ్వు పాతదే. ఈసారి అది బావ మీద.

చాలాసేపు తడిమాడు. గడ్డం దాకా నీళ్లు వచ్చాయి. ఒక్కసారిగా వేర్ల దగ్గర నీళ్లు బుళుక్కుమన్నాయి, బురద తెట్టెగా పైకి లేచింది. బావ నిటారుగా లేచాడు. మోచేతుల దాకా నల్లరేగడి బురద. చేతులు ఖాళీ.

"ఉంది," అన్నాడు. "జారిపోయింది."

"మేం చూడలా," అన్నాడు నాగేశ్వరరావు.

"నేను పట్టుకున్నా. ఇంత లావుంది."

"నువ్వు చెప్తే నమ్మాలా మావా?"

"నమ్మండి," అన్నాడు బావ, నీళ్లలో నిలబడే.

నాగేశ్వరరావు వాగు వైపు, బావ వైపు, యంత్రం వైపు చూశాడు. చివరికి డ్రైవరుకు చేయి ఊపాడు. యంత్రం వెనక్కి తిరిగింది. బావ పైకి వస్తూ, చెక్కిన గట్టు కింద పడి ఉన్న తుమ్మ దుంగ ఒకటి చూసి ఆగాడు. అలవాటుగా వంగి దాన్ని బయటికి లాగబోయాడు. లాగలేదు. భుజం ఆనించి, ఎగువకు చూసేటట్టు ఏటవాలుగా తోసి, రెండు రాళ్లు ఎగదోశాడు.

ఇంటికి వచ్చి, వాగులో ఏయే ఏడు ఏవి కనిపించాయో రాసుకునే నా పుస్తకం తీశాను. అందులో ప్రతి వరస చివరా 'చూసినవారు' అని ఒక గడి ఉంటుంది. ఇన్నాళ్లూ ఆ గడిలో నా పొడి అక్షరాలు తప్ప వేరేవి లేవు. ఆ సాయంత్రం నేను చూసింది నీళ్లు కదలడం మాత్రమే. జారిపోయింది కొర్రమీనో, మరొకటో, అసలు ఏమీ కాదో నేను బావను అడగలేదు. 'పెద్దమడుగు. కొర్రమీను. ఉంది' అని రాశాను. చివరి గడిలో కోటయ్య అని పెట్టాను.